రోబో సెల్‌తో వచ్చిన జపనీస్ కాగితాలు: ట్రాన్స్‌లేటర్‌ని వెతికే ముందు, వెతికాక

మీ ప్రశ్న ఇది. అచ్యుతాపురం యూనిట్‌కి జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్ ప్యాలెటైజింగ్ సెల్ (బస్తాల్ని ప్యాలెట్ల మీద పేర్చే రోబో యూనిట్) వస్తోంది. రోబో పేరున్న కంపెనీదే. కన్వేయర్, లిఫ్టర్, గ్రిప్పర్, కంట్రోల్ ప్యానెల్ మాత్రం అక్కడి చిన్న మెషిన్ బిల్డర్ కట్టినవి. కాగితాలు రెండు బాక్స్ ఫైళ్లు, దాదాపు 350 పేజీలు, అన్నీ జపనీస్‌లోనే. వైజాగ్‌లో జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కి మార్చేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? బంధువుల అబ్బాయి జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 పాసయ్యాడు, పని అతనికి ఇచ్చేయొచ్చా?

ట్రాన్స్‌లేటర్‌ని వెతకడం రెండో పని. ఆ 350 పేజీల్లో అనువాదమే అక్కర్లేనివి తీసి పక్కన పెట్టడం మొదటి పని. ఇది చేయకుండా కొటేషన్ అడిగితే ఏజెన్సీ మొత్తం పేజీలు లెక్కగట్టి ధర చెబుతుంది. అందులో వాళ్ల తప్పేం లేదు.

రోబో కంట్రోలర్ మాన్యువల్, పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంట్రోల్ కంప్యూటర్) మాన్యువల్, సర్వో డ్రైవ్ మాన్యువల్, సెన్సర్లూ సిలిండర్లూ వాల్వుల కేటలాగులు, వీటన్నిటికీ తయారీదారులే ఇంగ్లిష్ ప్రతులు వేస్తారు. ఫానక్ రోబో అయితే మాన్యువల్ అట్ట మీద ‘బి’తో మొదలయ్యే నంబరు ఉంటుంది. చివర ‘జేఏ’ ఉంటే జపనీస్ ప్రతి, అదే నంబరు చివర ‘ఈఎన్’ ఉంటే ఇంగ్లిష్ ప్రతి. మిత్సుబిషి పీఎల్‌సీ ఇంగ్లిష్ మాన్యువల్ నంబరు చివర ‘ఈఎన్‌జీ’ అని ఉంటుంది, కానీ ముందున్న అంకెలు జపనీస్ ప్రతితో కలవకపోవచ్చు. అందుకని సీపీయూ మోడల్ పేరుతో వెతకండి. యాస్కావా, కవాసాకి, ఓమ్రాన్, ఎస్ఎంసీ, కీయెన్స్ అన్నిటికీ ఇండియాలో ఆఫీసులు ఉన్నాయి. నేమ్‌ప్లేట్ ఫొటో, సీరియల్ నంబరు పంపి ఇంగ్లిష్ మాన్యువల్ అడగండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా తప్పకుండా రాయండి. పాత కంట్రోలర్‌కి కొత్త మాన్యువల్ తెచ్చుకుంటే మెనూలు కలవక తల పట్టుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ తీసేశాక మిగిలేది మెషిన్ బిల్డర్ సొంతంగా రాసుకున్నదే: ఆపరేషన్ మాన్యువల్, అలారం లిస్టు, ఐఓ లిస్టు (ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల జాబితా), పీఎల్‌సీ కామెంట్లు (ప్రోగ్రామ్‌లో ఏది దేనిదో చెప్పే చిన్న మాటలు), టచ్ స్క్రీన్ మాటలు, ఎలక్ట్రికల్ డ్రాయింగులు, న్యూమాటిక్ (గాలి ఒత్తిడి) సర్క్యూట్, టైమింగ్ చార్టు, మెయింటెనెన్స్ పట్టిక. మామూలుగా మొత్తంలో సగం కూడా ఉండదు. డబ్బు పెట్టాల్సింది దీని మీదే, ఎందుకంటే ఇది ప్రపంచంలో ఇంకెక్కడా ఇంగ్లిష్‌లో దొరకదు.

ఇక్కడే ఇంకో పని ఉంది, చాలామంది ఆలస్యంగా మొదలుపెడతారు. కాగితాలతో పాటు సాఫ్ట్ కాపీలు అడగాలి. మాన్యువల్ అసలు ఫైలు వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో ఉంటుంది, డ్రాయింగులు క్యాడ్‌లో ఉంటాయి. పాత యజమాని దగ్గరో బిల్డర్ దగ్గరో అవి దొరికితే పనిలో మూడో వంతు తగ్గినట్టే. అన్నిటికంటే ముఖ్యం కామెంట్లతో కూడిన పీఎల్‌సీ ప్రాజెక్ట్ ఫైలు. పీఎల్‌సీ నుంచి ప్రోగ్రామ్ రీడ్ చేసుకుందాంలే అనుకోకండి. కామెంట్లను సీపీయూలోకి రాయకుండానే మెషిన్‌ని అప్పగించేవాళ్లు చాలామంది. అప్పుడు లాడర్, అంటే పీఎల్‌సీ ప్రోగ్రామ్, వస్తుంది గానీ, ఏ ఇన్‌పుట్ దేనిదో చెప్పే మాట ఒక్కటీ రాదు. మెషిన్ అక్కడ ప్యాకింగ్ కాకముందే అడగండి. కంటెయినర్ వైజాగ్ పోర్టుకి చేరాక ఈమెయిల్ పంపితే జవాబు రావడం కష్టం. ఆ ఈమెయిల్ జపనీస్‌లో, మెషిన్ తయారీ నంబరుతో, మర్యాదగా రాయించండి. ఇంగ్లిష్‌లో వచ్చిన ఉత్తరానికి చిన్న బిల్డర్లు చాలాసార్లు స్పందించరు.

మీ బంధువుల అబ్బాయికి ఇవ్వాల్సిన పని ఇదే. కాగితాలు వేరుచేయడం, ఏ ఫైలు ఏమిటో ఇండెక్స్ రాయడం, బిల్డర్‌తో ఉత్తరాలు నడపడం. ఎన్2 వచ్చినవాళ్లు ఇవన్నీ చక్కగా చేస్తారు. అనువాదం మాత్రం పరీక్షించకుండా ఇవ్వకండి. జేఎల్‌పీటీ చదివింది, విన్నది అర్థమైందా లేదా అని చూసే పరీక్ష. 180 మార్కుల్లో ఎన్2కి కనీసం 90, దాని పై స్థాయి ఎన్1కి కనీసం 100 రావాలి. రాయడం, మాట్లాడటం, అనువదించడం అందులో లేవు. ఎన్1 ఉన్నా సొలెనాయిడ్ వాల్వ్ ఎప్పుడూ చూడనివాళ్లు ఉంటారు. సర్టిఫికెట్‌ని గేటు పాస్‌లా చూడండి, అంతే. లోపలికి రానిస్తుంది, పని వచ్చని చెప్పదు.

ఇక మనుషులు. వైజాగ్ లోపలే దొరకాలన్న పట్టింపు వదిలేయండి. అనువాదం ఫైళ్ల మీద జరిగే పని, ఊరితో సంబంధం లేదు. కమిషనింగ్‌కి, అంటే మెషిన్‌ని బిగించి మొదటిసారి నడిపించడానికి, జపాన్ ఇంజనీర్లు వచ్చినప్పుడు మెషిన్ పక్కన నిలబడి రెండు వైపులా మాట్లాడే దుబాసీ కావాలి, ఆ మనిషి మాత్రం ఇక్కడికి రావాలి. అది వేరే పని, వేరే నైపుణ్యం. రెండూ ఒక్కరే చేస్తామంటే రెండూ విడివిడిగా పరీక్షించండి.

మన దేశంలో ఫ్యాక్టరీ జపనీస్ తెలిసినవాళ్లు ఎక్కువగా పుణె, చెన్నై, బెంగళూరుల్లో ఉంటారు. ఇందులో ఒక తేడా గమనించాలి. బెంగళూరులో జపనీస్ వచ్చినవాళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లు. స్పెసిఫికేషన్ డాక్యుమెంట్లు బాగా చేస్తారు, హైడ్రాలిక్ సర్క్యూట్ ఇస్తే తడబడతారు. చెన్నై పక్కన ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు జపాన్ ఆటోమొబైల్ కంపెనీల్లో పనిచేసినవాళ్లకి షాప్‌ఫ్లోర్ భాష తెలుసు. చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసొకాయ్ కేంద్రం ఏళ్లుగా జపనీస్ నేర్పుతోంది, అక్కడ అడగొచ్చు. మనకు ఇంకా దగ్గర దారి శ్రీసిటీ. ఇసుజు, డైకిన్ లాంటి కంపెనీలు అక్కడ ఉన్నాయి. అక్కడ దుబాసీలుగా చేసి బయటికొచ్చినవాళ్లు దొరికితే తెలుగులోనే అన్నీ మాట్లాడుకోవచ్చు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే కంపెనీ అనుమతి ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే మధ్యలో ఆగిపోతుంది.

విదేశీ ఫ్రీలాన్సర్ల కోసమైతే జపాన్ అనువాదకుల సంఘం, అంటే జాట్, డైరెక్టరీ చూడండి. ఇది 1985 నుంచి ఉంది. విషయాన్ని బట్టి వెతుక్కోవచ్చు. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ డైరెక్టరీలో జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కి సర్టిఫికేషన్ ఉన్నవాళ్లు విడిగా కనిపిస్తారు. ప్రోజ్ అనే అనువాదకుల సైట్‌లో పని ప్రకటిస్తే మొదటి గంటలోనే బోలెడు జవాబులు వస్తాయి. అందులో సగం మంది ప్రకటన చదివి ఉండరు. ప్రకటనలోనే ఒక చిన్న ప్రశ్న పెట్టండి, ‘ఐఓ కామెంట్లు ఏ ఫైల్ రూపంలో తీసుకుంటారు?’ అని. దానికి జవాబివ్వనివాళ్లని అక్కడే వదిలేయండి. ప్రొఫైల్‌లో ‘ఇంజనీరింగ్, మెడికల్, లీగల్, పేటెంట్లు’ అని అన్నీ రాసుకున్నవాళ్లకంటే ‘ఫ్యాక్టరీ ఆటోమేషన్, మెషిన్ టూల్స్’ అని రెండే రాసుకున్నవాళ్లు మేలు. ఏజెన్సీకి ఇస్తే అనువాద సేవల ప్రమాణం ఐఎస్ఓ 17100 పాటిస్తారా అని అడగండి. ఆ ప్రమాణం ప్రకారం అనువాదాన్ని మూలంతో పోల్చి రెండో మనిషి సరిచూడాలి. ఆ రెండో మనిషికి జపనీస్ వచ్చా, లేక ఇంగ్లిష్ మాత్రమే దిద్దుతాడా అన్నది మీరు పట్టుబట్టి అడగాల్సిన ప్రశ్న.

పరీక్ష పెట్టేటప్పుడు మాన్యువల్ మొదటి పేజీ ఇవ్వకండి. ‘మా యంత్రం కొన్నందుకు ధన్యవాదాలు’ అన్నది ఎవరైనా చేస్తారు. 500 జపనీస్ అక్షరాల ముక్క మీరే కూర్చండి: పరిష్కారంతో సహా రెండు అలారం వరసలు, ఒక భద్రతా హెచ్చరిక, నాలుగైదు మెట్ల ఆపరేషన్ విధానం, పది పీఎల్‌సీ కామెంట్లు. ముగ్గురికి ఇదే ఇవ్వండి, ముగ్గురికీ డబ్బు చెల్లించండి. ఉచితంగా అడిగితే మంచివాళ్లు తప్పుకుంటారు. జపనీస్ రాకపోయినా మీరు వీటిని కొలవగలరు, ఎందుకంటే మెషిన్ మీకు తెలుసు.

వచ్చినదాంట్లో ఏం చూడాలి? ‘వాకు’ అనే మాట రోబో పట్టుకునే వస్తువుకి వాడతారు. మీ సెల్‌లో అది బస్తా. దాన్ని ‘వర్క్’ అని రాసినవాళ్లు శబ్దం చూసి రాశారు, పని చూసి కాదు. ‘జికు’ అంటే యాక్సిస్ కావచ్చు, షాఫ్ట్ కావచ్చు. రోబో కదలిక గురించి చెప్పేచోట ఆరో షాఫ్ట్ అని వస్తే ఆ మనిషి రోబోని ఎరగడు. అంకెల పక్కన వచ్చే ‘ఇజో’ అంటే ఆ అంకెతో కలిపి పైన. ‘మిమాన్’ అంటే ఆ అంకె కాకుండా కింద. గాలి ప్రెషర్ 0.5 ఎంపీఏ ‘ఇజో’ అని ఉంటే సరిగ్గా 0.5 ఉన్నా మెషిన్ నడవాలి. దాన్ని 0.5 కంటే ఎక్కువ అని రాస్తే ప్రెషర్ స్విచ్ సెట్టింగ్ దగ్గర వాదన మొదలవుతుంది.

కర్త సంగతి ఇంకా పెద్దది. తెలుగులాగే జపనీస్‌లో కూడా కర్తని వదిలేసి మాట్లాడతారు. ‘డోర్ మూసి, రీసెట్ నొక్కి, ఆరిజిన్‌కి చేర్చడం’ అని మనం రాసుకున్నా ఎవరు చేర్చాలో రాయం. ఇంగ్లిష్‌లో మాత్రం రాయాల్సిందే. రీసెట్ నొక్కగానే రోబో తనంతట తాను ఆరిజిన్‌కి (మొదలయ్యే స్థానానికి) పోతుందా, ఆపరేటర్ పెండెంట్ (చేతిలో పట్టుకునే కంట్రోలర్) పట్టుకుని నడపాలా? ఈ తేడా దగ్గర మనిషి సెల్‌లో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మంచి అనువాదకుడు ఇక్కడ ఊహించడు, మిమ్మల్ని అడుగుతాడు. అందుకే పరీక్షలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ప్రశ్నలకి వేయండి. పది పీఎల్‌సీ కామెంట్లలో కనీసం రెండు కుదించిన మాటలై ఉంటాయి. వాటి మీద ఒక్క సందేహం కూడా రాలేదంటే ఆ ట్రాన్స్‌లేటర్ మహా పండితుడైనా అయి ఉండాలి, లేదా చూడకుండా మెషిన్ ట్రాన్స్‌లేషన్ అంటించైనా ఉండాలి. రెండోదే ఎక్కువ.

హెచ్చరిక మాటలు మూడు స్థాయిల్లో ఉంటాయి. ‘కికెన్’ డేంజర్, ‘కేయికోకు’ వార్నింగ్, ‘చూయి’ కాషన్. మొదటిదానికి అర్థం తప్పించుకోకపోతే మరణమో తీవ్ర గాయమో అవుతుందని. రెండోదానికి కావచ్చని. మూడోదానికి చిన్నదో మధ్యస్థమో అయిన గాయం కావచ్చని. ఈ మూడూ ఎక్కడా తారుమారు కాకూడదు. శైలి బాగుంటుందని ఒకచోట వార్నింగ్, ఇంకోచోట కాషన్ రాసే ట్రాన్స్‌లేటర్ ఈ పనికి పనికిరాడు. రోబో అలారాలకి తయారీదారుడి ఇంగ్లిష్ మాటలే వాడాలి. ఫానక్‌లో ఎస్ఆర్‌వీఓ-002 అంటే టీచ్ పెండెంట్ ఈ-స్టాప్ (ఎమర్జెన్సీ స్టాప్). మాన్యువల్‌లో అలాగే ఉంది, స్క్రీన్ మీద కూడా అలాగే వస్తుంది. దానికి కొత్త పేరు పెడితే మెయింటెనెన్స్ వాళ్లు వెతుక్కోలేరు.

ధర సంగతి. జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కి సాధారణంగా మూలంలోని జపనీస్ అక్షరాల లెక్కన కడతారు, కొందరు వచ్చిన ఇంగ్లిష్ పదాల లెక్కన కడతారు. సుమారు రెండు నుంచి రెండున్నర అక్షరాలకి ఒక ఇంగ్లిష్ పదం వస్తుంది. ఒకరు అక్షరానికి 3 రూపాయలు, ఇంకొకరు ఇంగ్లిష్ పదానికి 6 రూపాయలు అన్నారనుకోండి, రెండోవాళ్లే చవక, లేదా ఇద్దరూ సమానం. ఆర్డర్ ఇచ్చే ముందే మొత్తం తెలియాలంటే మూలం అక్షరాల లెక్కే మంచిది. సగం ఖాళీ, సగం బొమ్మలు ఉన్న పేజీల మీద పేజీ లెక్కన ఒప్పుకోవద్దు. ఇంకో చిన్న కిటుకు. పీఎల్‌సీ కామెంట్లలో హాఫ్-విడ్త్ కటకానా (సగం వెడల్పుతో రాసే ఒక రకం జపనీస్ అక్షరాలు) వాడతారు. అందులో ‘ద’, ‘గ’ లాంటి శబ్దాలకి వేసే గుర్తు విడి అక్షరంగా లెక్కకి వస్తుంది. అంటే లెక్క ఉబ్బుతుంది. ఫుల్-విడ్త్‌కి మార్చాకే లెక్కించమనండి. అలాగే ‘పైకి చేరింది’, ‘కిందికి చేరింది’ లాంటివి వందసార్లు రిపీట్ అవుతాయి, రిపీట్‌కి తగ్గింపు అడగడం తప్పు కాదు.

వేగం అంచనా ఇలా వేసుకోండి. వేరుచేశాక మిగిలింది 40,000 అక్షరాలు అనుకుంటే, 16,000 నుంచి 20,000 ఇంగ్లిష్ పదాలు. టెక్నికల్ మేటర్‌లో ఒకరు రోజుకి 2,000 పదాలు చేస్తే 8 నుంచి 10 పనిదినాలు. సరిచూడటానికి ఇంకో 3, 4 రోజులు కలపండి. వారంలో ఇచ్చేస్తామంటే నలుగురికి పంచుతున్నారని అర్థం. అప్పుడు ఒకే లిఫ్టర్‌కి నాలుగు పేర్లు వస్తాయి. జపాన్‌లో ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం, ఆగస్టు మధ్యలో ఓబోన్, కొత్త సంవత్సరం, ఈ మూడు సెలవుల్లో బిల్డర్ జవాబివ్వడు. టైమ్‌టేబుల్‌లో ఇవి వదిలిపెట్టి లెక్కేసుకోండి.

పని ఇచ్చే వరస కూడా ముఖ్యం. చాలామంది మాన్యువల్‌తో మొదలుపెడతారు. ఐఓ లిస్టుతో మొదలుపెట్టించండి. సెల్‌లోని ప్రతి సిలిండరు, సెన్సరు, మోటారు పేరు అందులో ఉంటుంది. అవే పేర్లు లాడర్‌లో, అలారంలో, స్క్రీన్ మీద, మాన్యువల్‌లో మళ్లీ మళ్లీ వస్తాయి. ఐఓ లిస్టు రాగానే మీ ఇంజనీరు కూర్చుని పేర్లు ఖాయం చేయాలి, ఆ తర్వాతే మిగతా పని నడవాలి. రోబో మాటలకి ఆధారం కావాలంటే జిస్ బి 0134 అనే జపాన్ ప్రమాణం ఉంది, రోబో పదాలకి ఇంగ్లిష్ సమానార్థకాలు అందులో ఉంటాయి. మాటల వాడుక చూడాలంటే జపాన్ పేటెంట్ల సైట్ జే-ప్లాట్‌ప్యాట్‌లో పేటెంట్ల ఇంగ్లిష్ యంత్రానువాదం ఉచితంగా దొరుకుతుంది, కానీ దాన్ని ప్రమాణంగా తీసుకోవద్దు.

ఫైళ్ల దగ్గర వచ్చే చిక్కులు చెప్తాను. పీఎల్‌సీ కామెంట్లని సీఎస్‌వీగా తీసి మామూలుగా ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే చెత్త అక్షరాలు వస్తాయి. ఫైలు సాధారణంగా షిఫ్ట్-జిస్ అనే జపనీస్ ఎన్‌కోడింగ్‌లో ఉండటమే కారణం. అప్పుడు ఎక్సెల్ డేటా ఇంపోర్ట్‌లో కోడ్ 932 ఎంచుకుని తెరవాలి. చెత్తగా కనిపించిన ఫైలుని సేవ్ చేస్తే అసలు పోతుంది, ముందే కాపీ పెట్టుకోండి. డివైస్ నంబర్ల కాలమ్ లాక్ చేసి పంపండి. మిత్సుబిషి క్యూ సిరీస్‌లో ఎక్స్ (ఇన్‌పుట్), వై (అవుట్‌పుట్) నంబర్లు హెక్సాడెసిమల్, అంటే అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వస్తాయి. ఎఫ్ఎక్స్ సిరీస్‌లో ఆక్టల్, అంటే 8, 9 రావు. ‘ఎక్స్1ఏ’ని తప్పనుకుని ఎవరో దిద్దితే అక్కడితో లిస్టు అంతా జరిగిపోతుంది. కామెంట్‌కి ఎన్ని అక్షరాలు పడతాయో సాఫ్ట్‌వేర్‌లో చూసి ట్రాన్స్‌లేటర్‌కి ముందే చెప్పండి. టచ్ స్క్రీన్ కూడా అంతే. జపనీస్‌లో ఐదు అక్షరాల్లో ఒదిగిన ‘ఎమర్జెన్సీ స్టాప్‌లో ఉంది’ అన్న మాట ఇంగ్లిష్‌లో ఇరవై దాటుతుంది, స్క్రీన్ మీది లాంప్ గుర్తులో పట్టదు. సంక్షిప్త పదాల పట్టిక మీరే ఇవ్వండి. మిత్సుబిషి గాట్ స్క్రీన్ అయితే కామెంట్ గ్రూపులో రెండో కాలమ్‌గా ఇంగ్లిష్ చేర్చి భాష మార్చే బటన్ పెట్టొచ్చు. జపనీస్‌ని చెరపకండి, రేపు బిల్డర్ ఇంజనీర్ వస్తే అదే కావాలి.

స్కాన్ కాగితాలకి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేస్తే కటకానా ‘క’ అక్షరమూ, ‘బలం’ అనే అర్థమున్న కాంజీ (చైనా లిపి నుంచి వచ్చిన) అక్షరమూ తారుమారవుతాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండు మాటల్లోనూ ఆ కాంజీ ఉంది. కంటికి బాగానే కనిపిస్తుంది, వెతికితే మాత్రం దొరకదు. క్యాడ్ డ్రాయింగులో అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే జపనీస్ బిగ్‌ఫాంట్ (క్యాడ్‌కి కావలసిన అక్షరాల) ఫైలు మీ దగ్గర లేదని అర్థం. అది బిల్డర్‌ని అడిగి తెప్పించుకోండి. డ్రాయింగ్ తేదీ ‘హెచ్28’ అని ఉంటే 2016, ‘ఆర్3’ అంటే 2021. ‘హెచ్’ హెయిసెయ్, ‘ఆర్’ రెయివా, రెండూ జపాన్ చక్రవర్తుల శకాలు. హెయిసెయ్ సంవత్సరానికి 1988, రెయివాకి 2018 కలపాలి. ఏ రివిజన్ చివరిదో తేలేది ఈ లెక్కతోనే. వోల్టేజీలు, యూనిట్లు మాత్రం ట్రాన్స్‌లేటర్ మార్చకూడదు. జపాన్‌లో త్రీ ఫేజ్ 200 వోల్టులు, మనకి 415. ట్రాన్స్‌ఫార్మర్ సంగతి మీ ఎలక్ట్రికల్ వాళ్లది.

మెషిన్ ట్రాన్స్‌లేషన్ వాడొచ్చా? ఏ పేజీలో ఏముందో తెలుసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. వేరుచేసే పనంతా దాంతోనే చేసుకోండి. చివరి ప్రతికి కాదు. పూర్తి వాక్యాలు బాగానే చేస్తుంది. పట్టికల్లోని ముక్క మాటల్లో, కర్త లేని సూచనల్లో నమ్మకంగా తప్పు రాస్తుంది. ఉచిత సైట్లలో బిల్డర్ డ్రాయింగులు పెట్టడం గోప్యత ఒప్పందానికి విరుద్ధం కావచ్చు, అది కూడా చూసుకోండి.

ఒప్పందంలో రెండు మాటలు రాయించండి. పనితో పాటు గ్లాసరీ (పదాల పట్టిక), ట్రాన్స్‌లేషన్ మెమరీ (మూలం, అనువాదం జతల నిల్వ) టీఎంఎక్స్ ఫైలుగా మీకు ఇవ్వాలి. రెండో సెల్ వచ్చినప్పుడు అవి పనికొస్తాయి. చివరి పాతిక శాతం డబ్బు ఐఓ చెక్ అయ్యాక ఇస్తారు. కమిషనింగ్‌లో ఎలాగూ ఒక్కో సెన్సర్‌ని చేత్తో ఆన్ చేసి ఇన్‌పుట్ వెలిగిందా అని చూస్తారు కదా, అప్పుడే పక్కన ఇంగ్లిష్ పేరు సరిపోయిందా అని టిక్ పెట్టుకుంటే చాలు. గార్డ్ డోర్ తెరిచి, గాలి కట్టేసి, ఈ-స్టాప్ నొక్కి, వచ్చిన అలారం ఇంగ్లిష్ మాట, పరిష్కారం చదివి చూడండి. ప్రమాదం లేకుండా రప్పించగలిగే అలారాలే ఇలా చూడాలి. మిగతావి కాగితం మీదే పోల్చండి. తప్పుల పట్టిక ట్రాన్స్‌లేటర్‌కి పంపితే గ్లాసరీ దిద్ది తిరిగి ఇస్తారు. ఆపరేటర్లకి తెలుగు షీట్లు కావాలంటే ఈ దిద్దిన ఇంగ్లిష్ నుంచే చేయించండి, మొదటి ప్రతి నుంచి కాదు. మనిషి జపాన్‌లోనో అమెరికాలోనో ఉంటే చెల్లింపు మీద టీడీఎస్, రివర్స్ చార్జ్ జీఎస్టీ (పని తీసుకున్నవాళ్లే కట్టే జీఎస్టీ) రావచ్చు. ధర ఒప్పుకునే ముందే ఆడిటర్‌ని అడిగి, పన్ను ఎవరి వాటాలో పడుతుందో ఆర్డర్‌లో రాయండి.